వైద్య సిబ్బంది మాట నేర్పు – దాని ఆజమాయిషీ

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ సమావేశంలో ఆరోగ్యం గురించి ఎవరో ఒక డాక్టరుగారు ప్రసంగించడం ఆనవాయితీ. ఆయన ఉప్పు తగ్గించమంటారు, నడవమంటారు, మాత్రలు మానవద్దంటారు. మనం చప్పట్లు కొడతాం. తరువాత భోజనాలకు లేచి, ఆవకాయ ఎటువైపు వడ్డిస్తున్నారో చూసుకుంటాం. ఈసారి మన కార్యదర్శిగారు ఆ బాధ్యతను ఒక రిటైర్డు గుమాస్తాకు అప్పగించారు. కారణం ఏమిటంటే, ఈ మధ్య నేను ఒక నర్సింగ్ కళాశాలలో నకిలీ రోగిగా పనిచేశాను. జీతం లేదు, టీ ఇచ్చారు. అక్కడ నేర్చుకున్నది మీతో చెప్పమన్నారు.

నేను చెప్పబోయేది రోగం గురించి కాదు, మందు గురించీ కాదు. డాక్టరుగాని, నర్సుగాని, ఆరోగ్య కార్యకర్తగాని మనతో మాట్లాడే తీరు గురించి. ఆ తీరు బాగుందో లేదో ఎవరు, ఏ కొలతతో నిర్ణయించాలి అన్నదాని గురించి. ఇందులో మనకేం పని అని మీరు అడగవచ్చు. మా ఇంటి సంగతి ముందు మనవి చేసుకుంటే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. మా ఆవిడ అనుమతి తీసుకునే చెబుతున్నాను. ఆమె మూడో వరుసలోనే కూర్చుని ఉంది.

ఆమెకు షుగర్ వచ్చి 14 ఏళ్లు. మొదటి నుంచీ నేనే ఆస్పత్రికి తీసుకువెళ్లేవాణ్ణి. డాక్టరుగారు ఆమెను అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పేవాణ్ణి. మూడు నెలల సగటు చూపించే రక్త పరీక్ష ప్రతిసారీ 9 దాటి వచ్చేది. డాక్టరుగారు కోప్పడేవారు. "కళ్లు పోతాయి, కిడ్నీలు పోతాయి, మీ ఇష్టం" అనేవారు. ఇంటికి వచ్చాక మిగిలిన కోపం నేను పూర్తి చేసేవాణ్ణి. ఆమె ఇద్దరికీ ఒకే జవాబు చెప్పేది, "అలాగేనండి" అని. ప్రతిసారీ ఒక మాత్ర పెరిగేది. చివరకు 2019లో చెప్పు ఒరుసుకుని కాలికి పడిన పుండు మానక, చీము పట్టి, కుడికాలి చిటికెన వేలు తీసివేయవలసి వచ్చింది.

కట్టు మార్పించడానికి వేరొక చిన్న ఆస్పత్రికి వెళ్లేవాళ్లం. అక్కడ నడివయసు నర్సమ్మ ఒకామె ఉండేది. రెండో రోజున ఆమె నాతో, "బాబుగారూ, మీరు కాసేపు బయట కూర్చోండి" అంది. నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది, కాని బయటకు వచ్చాను. తలుపు ఓరగా ఉండడంతో మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. "ఈ మాత్రలతో మీకు రోజు ఎలా గడుస్తోందో చెప్పండమ్మా" అని అడిగి ఆమె ఊరుకుంది. చాలాసేపు ఊరుకుంది. అప్పుడు మా ఆవిడ చెప్పిన సంగతి 14 ఏళ్ల కాపురంలో, క్షమించాలి, 14 ఏళ్ల షుగర్‌లో నేను ఎన్నడూ విననిది.

కొన్నేళ్ల కిందట ఒకసారి అర్ధరాత్రి దాటాక ఆమెకు ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణికి, వంటింట్లో కూలబడిపోయిందట. పంచదార డబ్బా అందుకుని రెండు చెంచాలు నోట్లో వేసుకుంటే తేరుకుందట. నన్ను లేపితే మళ్లీ ఉపన్యాసం వినవలసి వస్తుందని లేపలేదట. మర్నాటి నుంచి రాత్రి మాత్ర మానేసింది. షుగర్ పెరిగింది. డాక్టరుగారు ఇంకొకటి రాశారు. ఆమె దాన్నీ అనుమానంగానే చూసింది. మేమిద్దరం ఆమెను మొండి మనిషి అనుకున్నాం. ఆమె మొండిది కాదు, భయపడింది. ఏం జరిగిందని అడిగినవాళ్లు లేరు.

నర్సమ్మ ఆ సంగతి పెద్ద డాక్టరుగారికి చెబితే ఆయన రాత్రి మాత్ర మార్చారు. ఆమె ఏ మంత్రం వేసిందో నాకు అప్పట్లో అర్థం కాలేదు. అందుకే మా కోడలు, ఆ అమ్మాయి నర్సింగ్ కళాశాలలో ట్యూటరు, "మావయ్యగారూ, మా విద్యార్థినులకు మాట్లాడడంలో పరీక్ష పెడుతున్నాం. రోగిగా నటించడానికి పెద్దవాళ్లు కావాలి, వస్తారా?" అని అడిగితే వెంటనే ఒప్పుకున్నాను.

అది మంత్రం కాదని, దానికి ఒక పేరు, చరిత్ర, కొలత ఉన్నాయని అక్కడ తెలిసింది. దాని పేరు మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్. మనం దీన్ని మనసు కదిలించే సంభాషణ అనుకోవచ్చు. అమెరికాలో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయానికి చెందిన విలియం మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1982లో నార్వే దేశంలోని బెర్గెన్ నగరానికి వెళ్లారు. తాగుడుకు అలవాటు పడినవారితో ఎలా మాట్లాడాలో అక్కడి యువ వైద్య సిబ్బందితో చర్చించేవారు. వారు ఆయన్ను ఊరికే వదలలేదు. "ఈ మాట ఎందుకు అన్నారు? ఆ ప్రశ్న ఎందుకు అడగలేదు?" అని నిలబెట్టి అడిగారు. జవాబులు చెబుతూ చెబుతూ ఆయన తన పద్ధతిని తానే గుర్తించి, 1983లో ఒక వ్యాసంగా ప్రచురించారు. తరువాత స్టీఫెన్ రోల్నిక్ అనే ఆయనతో కలిసి 1991లో పుస్తకం రాశారు. దాని నాలుగో కూర్పు 2023లో వచ్చింది. వీరిద్దరూ క్రిస్టఫర్ బట్లర్ అనే డాక్టరుగారితో కలిసి 2008లో ప్రత్యేకంగా ఆరోగ్య సేవలలో పనిచేసేవారి కోసం ఒక పుస్తకం తెచ్చారు. తాగుడు దగ్గర మొదలైన పద్ధతి షుగర్, బీపీ, పొగ మానడం, మందులు సక్రమంగా వాడడం వరకూ విస్తరించింది.

దాని సారం చాలా చిన్నది. ఏ మనిషికైనా మారాలనీ ఉంటుంది, మారడం ఇష్టం లేకపోవడమూ ఉంటుంది. రెండూ ఒకే గుండెలో ఉంటాయి. మనం వెళ్లి "మారు, మారు" అని ఒకవైపు లాగితే ఆ మనిషి రెండోవైపు వకాల్తా పుచ్చుకుని వాదిస్తాడు. అలా వాదించి వాదించి తన మాటను తానే నమ్ముతాడు. కనుక వాదన మనం చేయకూడదు. మారడానికి కారణాలు ఆ మనిషి నోటి నుంచే రావాలి. అలా వచ్చేటట్టు అడగడం, వినడం, విన్నదాన్ని తిరిగి అప్పగించడం, చేసిన కాస్త మంచినీ గుర్తించడం, చివరకు అంతా కూర్చి చెప్పడం, ఇవే అందులోని పనిముట్లు. తప్పు కనబడగానే సరిదిద్దాలని నాలుక దురద పెట్టడం మనుషులందరికీ ఉన్న గుణమే. దాన్ని ఆపుకోవడమే ఈ విద్యలో మొదటి పాఠం అట. ఇళ్లల్లో భర్తలకు, ఆఫీసుల్లో సూపరింటెండెంట్లకు ఈ పాఠం ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఒక నర్సుకు ఈ విద్య వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

నేను 1973లో తాలూకా కచేరీలో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరాను. ఆ రోజుల్లో కరణంగారు అడంగల్‌లో ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో రాసేవారు. పుస్తకం ముత్యాల్లాంటి అక్షరాలతో ఉండేది. అయినా ప్రభుత్వం పుస్తకాన్ని నమ్మి ఊరుకునేది కాదు. పై అధికారులు పొలం గట్టు మీదికి వెళ్లి చూసి రావాలి. దాన్ని పంటల ఆజమాయిషీ అనేవాళ్లం. అడంగల్‌లో వరి అని ఉండి, గట్టు మీద నిలబడి చూస్తే బీడు కనిపించిన సందర్భాలు లేకపోలేదు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది గాని, ఆజమాయిషీ అన్న మాటలోని నీతి మాత్రం నా మనసులో ఉండిపోయింది. రాసుకున్నది వేరు, ఉన్నది వేరు. చూసి రావాలి.

మాట నేర్పు విషయంలోనూ అంతే. శిక్షణకు వెళ్లి వచ్చినవారికి సర్టిఫికెట్ ఇస్తారు. "మీకు వచ్చిందా?" అని అడిగితే వచ్చిందనే అంటారు. అబద్ధం చెప్పరు, నిజంగానే అలా అనుకుంటారు. మిల్లర్‌గారు మరొకరితో కలిసి ఈ సంగతినే పరీక్షించి 2001లో ప్రచురించారు. వర్క్‌షాపు తరువాత శిక్షణ పొందినవారు తమ నేర్పు బాగా పెరిగిందని రాసి ఇచ్చారు. వారు మాట్లాడిన టేపులు విని చూస్తే పెరిగింది స్వల్పమే. వారి ఎదుట కూర్చున్నవారి మాటల్లో మార్పు కనబడలేదు. తన శిక్షణ గురించి తానే ఇలాంటి ఫలితం ప్రచురించడం ఆయన నిజాయితీ. 2004లో 140 మందితో ఇంకో అధ్యయనం వచ్చింది. ఉత్త వర్క్‌షాపుతో సరిపెట్టినవారి కంటే, వారి టేపులు విని మార్కులు చెప్పి, పక్కన నిలబడి దిద్దినవారిలో నేర్పు ఎక్కువ కాలం నిలబడిందని తేలింది. అంటే ఆజమాయిషీ తప్పులు పట్టుకోవడానికి మాత్రమే కాదు, నేర్పడానికి కూడా అదే మార్గం.

ఈ ఆజమాయిషీకి పనికివచ్చే పత్రాలు కొన్ని ఉన్నాయి. ఒకదానిలో ఆరు సందర్భాలు ఇస్తారు, రోగి ఇలా అన్నాడు, మీరు తరువాత ఏమంటారో రాయండి అని. అది మన శాఖాపరమైన పరీక్షలాంటిది. కాగితం మీద తెలివి చూపిస్తుంది, మనిషి ఎదుట ఏం చేస్తారో చూపించదు. ఇంకొకటి 11 అంశాలది, ప్రతి అంశానికీ 0 నుంచి 4 వరకు మార్కులు. అందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. మాట్లాడిన సమయంలో వైద్య సిబ్బంది వాటా సగం కంటే ఎక్కువా, సగమా, తక్కువా అని గుర్తించాలి. మూడోది ఎక్కువ వాడుకలో ఉన్నది, క్లుప్తంగా మిటి అంటారు. సంభాషణలో 20 నిమిషాల ముక్క తీసుకుని వింటారు. వినేటప్పుడు రెండు పనులు చేస్తారు. మొదటిది, మొత్తం మీద సానుభూతి, కలిసి పనిచేసే ధోరణి వంటి నాలుగు గుణాలకు 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. 3తో మొదలుపెట్టి, విన్నదాన్నిబట్టి పైకో కిందికో జరుపుతారు. రెండోది, మాటల్ని లెక్కపెడతారు. ప్రశ్నలెన్ని, రోగి మాటను తిరిగి అప్పగించినవి ఎన్ని, మెచ్చుకోళ్లు ఎన్ని, నిర్ణయం మీదేనని చెప్పినవి ఎన్ని, ఒప్పించడానికి ప్రయత్నించినవి ఎన్ని, నిలదీసినవి ఎన్ని. ఆడిట్ పార్టీ వోచర్లు లెక్కపెట్టినట్టే.

ఆ లెక్కకు ప్రమాణాలు కూడా ఉన్నాయి. ఒక ప్రశ్నకు కనీసం ఒక అప్పగింత ఉండాలి. రెండు ఉంటే మంచిది. ఆ అప్పగింతలలో నూటికి 40 లోతైనవి అయితే ఫరవాలేదు, 50 అయితే బాగున్నట్టు. లోతైనది అంటే ఏమిటో నాకు మొదట బోధపడలేదు. నటించిన రోజున బోధపడింది.

నాకు ఇచ్చిన పాత్ర ఇది. వయసు 70. బీపీ ఉంది. మాత్ర ఒకరోజు వేసుకుని రెండురోజులు మానేస్తాడు. తలనొప్పి లేదు కదా, మాత్ర ఎందుకంటాడు. ఆవకాయ లేనిదే ముద్ద దిగదు. ముగ్గురు విద్యార్థినులు ఒక్కొక్కరూ వచ్చి నాతో మాట్లాడారు. వారి అనుమతి, నా అనుమతి తీసుకుని రికార్డు చేశారు. తరువాత ఇద్దరు ఉపాధ్యాయులు విడివిడిగా విని మార్కులు వేశారు. ఒకరి మార్కులు ఒకరికి చూపించలేదు. చివర్లో పోల్చుకున్నారు. వినేవారి ఇష్టాయిష్టాలు మార్కుల్లోకి చొరబడకుండా ఇది జాగ్రత్త.

మొదటి అమ్మాయి చక్కని పిల్ల. నవ్వుముఖం. వస్తూనే "తాతగారూ!" అని చెయ్యి పట్టుకుంది. "మాత్రలు రోజూ వేసుకుంటున్నారా? ఉప్పు తగ్గించారా? నడుస్తున్నారా? ఇంట్లో మిషన్ ఉందా?" అని వరుసగా అడిగింది. పక్షవాతం గురించి, కిడ్నీల గురించి ఎంతో ప్రేమగా, ఒక్క తప్పు లేకుండా వివరించింది. నేను "అలాగేనమ్మా" అన్నాను. ఆమె సంతోషించి వెళ్లింది.

రెండో అమ్మాయి పాఠం బాగా చదివి వచ్చింది. "తలనొప్పి లేదమ్మా" అంటే "మీకు తలనొప్పి లేదు" అంది. "ఆవకాయ మానలేను" అంటే "ఆవకాయ మానలేరు" అంది. కాసేపటికి నాకు బావిలోకి కేక వేసినట్టు అనిపించింది.

మూడో అమ్మాయి మాట తక్కువ. గొంతు కూడా చిన్నది. నేను "తలనొప్పి లేదమ్మా, మాత్ర ఎందుకు?" అన్నాను. ఆమె కొంచెం ఆగి, "రోజూ మాత్ర వేసుకుంటే మీరు రోగి అని మీరే ఒప్పుకున్నట్టు ఉంటుంది" అంది. అది నా పాత్ర కాగితంలో లేదు. కాని నిజం. పాత్రది కాదు, నాది. నేను కూడా బీపీ మాత్ర వేసుకునే మనిషినే. 36 ఏళ్ల సర్వీసులో మెడికల్ లీవు పెట్టని గర్వం నాకు ఉంది. నేను మాట తడబడి, ఏదో అన్నాను. "మా నాన్నగారికి పక్షవాతం వచ్చి మంచంలో మూడేళ్లు ఉన్నారమ్మా. నా పిల్లలకు ఆ చాకిరీ పెట్టకూడదు" అని నా నోటితో నేనే అన్నాను. ఆ మాట ఆమె చెప్పలేదు చూడండి, నేను చెప్పాను. "అయితే ఏం చేద్దామనుకుంటున్నారు?" అని మాత్రమే అడిగింది. పొద్దున్న కాఫీ గ్లాసు పక్కన మాత్ర పెట్టుకుంటానన్నాను. నటన ముగిసింది గాని, మర్నాటి నుంచి ఆ పని నిజంగానే చేస్తున్నాను.

మార్కులు చెప్పే ముందు నన్ను కూడా ఎవరు బాగా మాట్లాడారని అడిగారు. నేను నిస్సంకోచంగా మొదటి అమ్మాయి పేరు చెప్పాను. పద్ధతిగా, గౌరవంగా, ఆప్యాయంగా మాట్లాడింది కదా! తరువాత లెక్కలు చూపించారు. మొదటి అమ్మాయి ప్రశ్నలు 31, అప్పగింతలు 4. ఒప్పించే ప్రయత్నాలు 9. రెండో అమ్మాయి ప్రశ్నలు 12, అప్పగింతలు 12, కాని వాటిలో లోతైనవి 2 మాత్రమే. మూడో అమ్మాయి ప్రశ్నలు 9, అప్పగింతలు 14, అందులో లోతైనవి 8. నూటికి 57. నేను వేసిన మార్కులకు, టేపు వేసిన మార్కులకు పొంతన లేదు. అప్పుడు నాకు తెలిసివచ్చింది, మర్యాద వేరు, ఈ నేర్పు వేరు అని. మర్యాద ఉండవలసిందే. కాని మర్యాదగా చేసిన ఉపన్యాసం కూడా ఉపన్యాసమే. మొదటి అమ్మాయిని చిన్నబుచ్చడానికి ఇది చెప్పడం లేదు. ఆమెకు టేపు వినిపించి, ఏ చోట ఆగి ఉండవచ్చో చూపించారు. వచ్చే పరీక్షలో ఆమే ముందు ఉండవచ్చు. కొలత ఉన్నది అందుకే.

ఈ సందర్భంలో నేను ఆ ఉపాధ్యాయులకు ఒక మనవి చేశాను. అది మీకూ చెబుతాను. ఈ పత్రాలు ఇంగ్లీషులో పుట్టినవి. మన భాషలో ఒక మాట ఉంది, "అలాగేనండి". మనందరం సర్వీసులో కొన్ని వేలసార్లు అన్నదే. పై అధికారి అసాధ్యమైన పని చెబితే "అలాగేనండి" అన్నాం, ఫైలు కదల్లేదు. "అలాగేనండి" అంటే "చేస్తాను" అని కాదు, "మీరు చెప్పడం ఇక చాలించండి" అని. రోగి "అలాగేనండి" అన్నాడు కనుక ఒప్పుకున్నాడని లెక్క వేసుకుంటే ఆజమాయిషీ తప్పుతుంది. "కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుంటాను" అన్నది ఒప్పుకోవడం. అందులో స్థలం ఉంది, సమయం ఉంది, నా సొంత మాట ఉంది. రెండో మనవి, మన దేశంలో రోగి ఒంటరిగా రాడు. వెంట నాలాంటి భర్తో, కొడుకో వచ్చి రోగికి బదులు జవాబులు చెబుతాడు. అతన్ని నొప్పించకుండా పక్కకు తప్పించి, రోగి గొంతు వినడం కూడా నర్సు నేర్పులో భాగమే, దానికీ ఒక గడి ఉండాలి అన్నాను. వారు రాసుకున్నారు.

ఇక వైద్యుల పక్షాన కూడా రెండు మాటలు చెప్పకపోతే అన్యాయమవుతుంది. బయట 80 మంది క్యూలో ఉంటే 20 నిమిషాలు ఎవరు మాట్లాడగలరు? ఒక వైద్య పత్రిక 2017లో అనేక దేశాల లెక్కలు క్రోడీకరించింది. ప్రాథమిక వైద్యంలో ఒక్కో రోగికి దొరికే సగటు సమయం స్వీడన్‌లో 22న్నర నిమిషాలు, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మనం ఏ దేశానికి దగ్గరగా ఉన్నామో మీ అనుభవమే చెబుతుంది. అయినా సమయం ఒక్కటే కారణం కాదు. 1984లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు చూస్తే, రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టిన 18 సెకన్లకే సగటున డాక్టరు అడ్డుపడుతున్నట్టు తేలింది. అక్కడ మన దగ్గరంత క్యూ ఉండదు. నర్సమ్మ మా ఆవిడను అడిగిన ప్రశ్నకు పట్టింది అర నిమిషం, ఆ తరువాత ఊరుకున్నది ఒక నిమిషం. 14 ఏళ్లలో ఆ నిమిషంన్నర మాకు ఎవరూ ఇవ్వలేదు, నాతో సహా.

ఇంకో సంగతి. గుండెపోటు వచ్చినవాణ్ణి "మీకేమనిపిస్తోంది" అని అడుగుతూ కూర్చోమని ఎవరూ అనరు. అక్కడ ఆజ్ఞలే కావాలి. ఈ పద్ధతితో అందరూ మారతారనీ కాదు. నిర్ణయం రోగి చేతిలో ఉండే చోట, రోజూ ఇంట్లో జరగవలసిన పనుల విషయంలో దీని ఉపయోగం. మన వయసు రోగాలన్నీ ఇంచుమించు ఆ జాబితాలోవే. దీర్ఘకాలిక జబ్బులకు మందులు సక్రమంగా వాడేవారు సంపన్న దేశాల్లోనే సగటున సగం మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది. మిగిలిన సగం మందీ మొండివాళ్లేనా? మా ఇంటి అనుభవంతో నేను ఇక ఆ మాట అనలేను. మన దేశంలో 2019 నుంచి ఎం.బి.బి.ఎస్. చదువులో రోగితో మాట్లాడే తీరును పాఠ్యాంశంగా పెట్టారు. మంచిదే. పాఠం పెట్టిన చోట ఆజమాయిషీ కూడా ఉండాలన్నదే నా వాదన.

మరి మనం చేయగలిగింది ఏమిటి? నాకు తోచిన మూడు విషయాలు మనవి చేస్తాను.

మొదటిది, ఆస్పత్రి నుంచి బయటకు వచ్చాక ఆటో ఎక్కేలోపు మనల్ని మనం నాలుగు ప్రశ్నలు అడుక్కోవచ్చు. ఎక్కువసేపు ఎవరు మాట్లాడారు? నేను చెప్పింది అర్థమైనట్టు వారు తిరిగి చెప్పారా? నాకు ఏది ముఖ్యమో అడిగారా? నేను "అలాగేనండి" అని వచ్చానా, లేక ఫలానా పని చేస్తానని నా మాటగా చెప్పి వచ్చానా? అభిప్రాయాల పుస్తకం ఉంటే "సేవలు బాగున్నవి" అని సంతకం పెట్టి రాకుండా, ఈ నాలుగింటికి జవాబు రాయండి. 36 ఏళ్లు నోట్ ఫైళ్లు రాసిన చేతులు, నాలుగు వాక్యాలు రాయలేవా?

రెండోది, నర్సింగ్, వైద్య కళాశాలలు ఆహ్వానిస్తే నకిలీ రోగులుగా వెళ్దాం. మనకు సమయం ఉంది, రోగాల అనుభవం ఉంది, నటన సర్వీసులోనే వచ్చింది. ఆసక్తి ఉన్నవారి పేర్ల జాబితా తయారు చేయవలసిందిగా కార్యవర్గానికి విన్నవిస్తున్నాను. నా పేరు మొదట రాసుకోండి.

మూడోది కొంచెం కష్టం. ఆ పత్రం ఇంటికి తెచ్చుకుని, మా ఆవిడతో నేను ఇన్నేళ్లూ అన్న మాటలు జ్ఞాపకం చేసుకుని, నా మార్కులు నేనే వేసుకున్నాను. విప్పి చెప్పించే ప్రశ్నలు సున్న. అప్పగింతలు సున్న. ఒప్పించే ప్రయత్నాలు, నిలదీతలు లెక్కకు అందలేదు. ఆస్పత్రి వాళ్లను ఆజమాయిషీ చేసే ముందు మన ఇంటి గట్టు మీద ఒకసారి నిలబడి చూసుకోవడం మంచిది.

కట్టు మార్పించుకునే రోజుల్లోనే నర్సమ్మ ఆమెను ఇంకో మాట అడిగింది. "షుగర్ అదుపులో పెట్టుకోవడం మీకు ఎంత ముఖ్యమో సున్న నుంచి పది వరకు ఒక అంకె చెప్పండమ్మా" అంది. మా ఆవిడ నాలుగు అంది. నేనైతే "నాలుగేనా?" అని మొదలుపెట్టేవాణ్ణి. నర్సమ్మ "రెండు ఎందుకు కాదు?" అంది. మా ఆవిడ ఆలోచించి, "సంక్రాంతికి వాకిట్లో కూర్చుని ముగ్గు వెయ్యాలమ్మా, మనవరాలికి చుక్కలు నేర్పాలి" అంది. కళ్లు, కిడ్నీలు అని నేను 14 ఏళ్లు చెప్పిన కారణాల జాబితాలో ముగ్గు లేదు. ఆ సమాధానం తరువాత ఏడాదికి ఆ రక్త పరీక్ష 9.8 నుంచి 7.6కు దిగింది. మందు మారడం ఒక కారణం. ఆ మందును ఆమె తన మందుగా వేసుకోవడం ఇంకో కారణం.

పోయిన సంక్రాంతికి చిన్న పీట వేసుకుని కూర్చుని ముగ్గు వేసింది. మనవరాలు పక్కన చుక్కలు పెట్టింది. ఒక వరుసలో ఒక చుక్క తప్పింది. చెబుదామని నోరు తెరిచి, మూసుకున్నాను. కాసేపటికి ఆ పిల్లే చూసుకుని దిద్దుకుంది.